అమోరియం గోడా, గవినోళ్ళ పంగూ

సత్యప్రియ ఆరేళ్ళుగా ఒక ఊరి గోడ చుట్టూ తిరుగుతోంది. ఆ ఊరిని కంటితో చూసింది లేదు, చూస్తానన్న ఆశ కూడా పెద్దగా లేదు. తుర్కీ దేశం నడిమధ్యన, చెట్టూ చేమా లేని మైదానంలో, గొర్రెలు మేసే దిబ్బలుగా మిగిలిపోయిన ఊరది. పేరు అమోరియం. వెయ్యేళ్ళకు పైమాటే, బైజాంటిన్ చక్రవర్తులు ఏలిన రోజుల్లో, తూర్పు సీమకంతా అదే పెద్ద కోట. సేనాధిపతి కాపురం ఉండే పట్నం. సత్యప్రియ విరుదునగర్‌లో ఒక కాలేజీలో చరిత్ర చెబుతుంది, పొద్దున కోవిల్‌పట్టిలో రైలెక్కి సాయంత్రానికి తిరిగొస్తుంది, మిగిలిన పొద్దంతా ఆ దిబ్బల మీదే పరిశోధన చేస్తుంది.

కోవిల్‌పట్టిలో పల్లీ మిఠాయి ఎక్కడని అడిగితే పది చేతులు దారి చూపిస్తాయి. అమోరియం ఎక్కడని అడిగితే మాత్రం ఏదో బిళ్ళ పేరనుకుని మందుల షాపుకు పొమ్మంటారు. వాళ్ళమ్మ ముత్తమ్మాళ్ బాధ ఇంకోటి. "మన నాగలాపురం కూడా పాళెగాళ్ళు ఏలిన ఊరేగదా. దాని గురించి రాస్తే బస్సులో పోయి చూసి, మాపటికి ఇంటికి వచ్చేయొచ్చు" అనేది. మాట సబబే. అందుకే సత్యప్రియ దానికి ఎప్పుడూ జవాబు చెప్పలేదు.

అసలు జవాబు ఆమెకు తెలుసు. అమోరియం పగవాళ్ళ చేతిలో పడిపోయింది లోపలి మనిషి ఒకడి వల్ల అంటారు. సత్యప్రియ ఇంటివాళ్ళ గురించి కూడా సరిగ్గా అదే మాట అంటారు.

అనేది ఎవరంటే, కోటమ్మ గుడికి చేరే ఇళ్ళవాళ్ళు. రేగడి చేలల్లో చెదురుమదురుగా పడి ఉన్న పల్లెల్లో వ్యవసాయం చేసుకునే తెలుగు కుటుంబాలు అవి. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. ఎక్కడినుంచి వచ్చారయ్యా అంటే ఉత్తరాన ఒక కోట నుంచి అంటారు. ఏ కోట అంటే చెయ్యెత్తి ఉత్తరం చూపిస్తారు, అంతకుమించి ఆ చెయ్యి కదలదు. కోట పడిపోయిన రోజున దేవత రాయిని గంపలో పెట్టుకుని పారిపోయి వచ్చారట. నిప్పు ఆరకుండా మోసుకొచ్చినవాళ్ళు నిప్పోళ్ళు. దారిలో నీళ్ళు వెతికిపెట్టినవాళ్ళు నీళ్ళోళ్ళు. సత్యప్రియ వాళ్ళు గవినోళ్ళు. గవిని అంటే కోట వాకిలి. ఆ వాకిలిని పగవాడికి తెరిచిపెట్టింది వీళ్ళేనని కథ.

దానికి శిక్ష కూడా ఉంది. ఏటా మాసి నెలలో శివరాత్రి మరునాడు గుడి దగ్గర విందు జరుగుతుంది. అందరూ ప్రహరీ లోపల, అమ్మ ఎదురుగా కూర్చుని తింటారు. గవినోళ్ళు మాత్రం ప్రహరీ వాకిలి బయట, గుడికి వీపు పెట్టి కూర్చోవాలి. అందరూ తిని చేతులు కడుక్కున్నాక, చివరికి వీళ్ళ ఆకుల్లో అన్నం పడుతుంది. సత్యప్రియ ఊహ తెలిసినప్పటినుంచీ ఆ అన్నం తల వంచుకునే తిన్నది.

వాళ్ళ నాయన అళగర్సామి ఏడాది పొడుగునా సరదా మనిషి. మార్కెట్ పక్కన పత్తిగింజలూ నూనె తీసిన చెక్కా అమ్మే అంగడి ఆయనది. బేరానికి వచ్చినవాడు కొనకపోయినా నవ్వుకుంటూ పోతాడు. ఆ విందు రోజు మాత్రం ఆయన నోరు కుట్టేసినట్టు ఉండేవాడు. ఇంటికొచ్చాక కూడా ఎవరూ ఆ ఊసెత్తేవారు కాదు.

ఈ ఏడు శివరాత్రి ఇంకా కొన్నాళ్ళుందనగా, నిప్పోళ్ళ పెద్ద చెల్లసామి అంగడికి వచ్చాడు. విరుదునగర్‌లో మిరపకాయల వ్యాపారి, గుడికి పెద్ద. చేతిలో మిఠాయి పొట్లం, మొహంలో వెలుగు. ఆదివారం కావడంతో సత్యప్రియ కూడా అక్కడే ఉంది.

"అళగరూ, మంచి మాట తెచ్చినాను. కూట్టంలో తీర్మానం అయిపోయింది. ఇంక మీరు బయట కూర్చునే పని లేదు. ఎన్ని తరాలు అయిపోయినాయి, ఇంకా ఏమిటికి ఇది? అమ్మ ముందర నిలబడి మీకు మన్నిప్పు ఇచ్చేస్తాము. లోపలికి వచ్చి మాతో సమంగా కూర్చోండి."

అళగర్సామి తక్కెడ పళ్ళెం తుడుస్తూ అడిగాడు. "ఎవురికి మన్నిప్పు అన్నా?"

"మీకుదా, ఇంకెవురికి."

"దేనికి?"

చెల్లసామి నవ్వాడు. "ఏమిరా తమ్ముడా, నీకి తెలియందా?"

చెల్లసామి చెడ్డవాడు కాడు, అది ఒప్పుకోవాలి. గుడి పెద్దలు కూడిన ఆ కూట్టంలో ముసలాళ్ళు నలుగురు అడ్డం తిరిగితే వాళ్ళతో గొంతు చించుకుని వాదించి మరీ ఈ తీర్మానం గెలిపించాడు. మంచి చేశానన్న తృప్తితో వచ్చాడు, కాఫీ తాగి అదే తృప్తితో వెళ్ళాడు. మిఠాయి పొట్లం మాత్రం ఆ రోజు ఎవరూ విప్పలేదు.

సాయంత్రం ఇంటి అరుగు మీద కూర్చుని అళగర్సామి కూతుర్ని పిలిచాడు.

"పాపా, ఇన్ని ఏండ్లుగా కోటలేగదా చదువుతా ఉండావు. మనోళ్ళు గవిని తీసినారా, తీయలేదా? ఒక్క మాట చెప్పు."

"దానికి ఆదారం ఏమీ లేదు నాయనా. ఏ కోటో కూడా తెలియదు."

"మన్నిప్పు తీసుకున్నామంటే తప్పు చేసినామని ఒప్పుకున్నట్టుదా. ఇన్నాళ్ళూ అది ఊరి మాట. అమ్మ ముందర చెప్పేసినారంటే అది నిజమై పోతాది. వద్దంటిమా, పొగరు పట్టినోళ్ళు అంటారు. నీకి, నీ తరవాతోళ్ళకి మళ్ళా ఆ బయట చోటేదా." ఆయన తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. "నేను బయట కూర్చున్నందుకు ఏడవలేదు పాపా. చేసినామో లేదో తెలియకనే మా నాయన కూర్చున్నాడు, నేనూ కూర్చున్నాను. అదిదా నాకు బాద."

ముందు నుయ్యి, వెనక గొయ్యి. సత్యప్రియకు నాయన మీద జాలి ముంచుకొచ్చింది. తన చదువు మీద కోపం కూడా వచ్చింది. ఎక్కడో తుర్కీలో గోడ మందమెంతో చెప్పగలదు కానీ, ఇంట్లో మనిషి అడిగిన ఒక్క ప్రశ్నకు జవాబు లేదు.

కాసేపటికి అళగర్సామే మళ్ళీ అన్నాడు. "సరి, నీ ఊరి కత చెప్పు. ఆడ తీసినోడు ఎవుడు?"

ఇన్నేళ్ళలో ఇంట్లో ఎవరూ ఆ కథ అడగలేదు. సత్యప్రియ కాళ్ళు ముడుచుకుని కూర్చుని మొదలుపెట్టింది. ముత్తమ్మాళ్ కూడా చిక్కుడుకాయల చేట తెచ్చుకుని గడప మీద కూర్చుంది.

అమోరియం అప్పటి చక్రవర్తి వంశం పుట్టిన ఊరు. చక్రవర్తి సరిహద్దు దాటి ఖలీఫా సీమలో ఊళ్ళు కాల్చాడు. ఖలీఫాకు ఒళ్ళు మండింది. నీ ఊరు ఏదో దానినే కొడతానని, లెక్కకు అందని సైన్యంతో ఎండాకాలంలో బయల్దేరి వచ్చాడు. ఊరికి గట్టి గోడ, గోడ పొడుగునా బురుజులు, బయట కందకం. లోపల తిండి ఉంది, మనుషులున్నారు. పట్టుబడే ఊరు కాదది.

"అయితే ఒక చోట గోడ బొంకు నాయనా. అంతకు ముందర ఎప్పుడో పెద్ద వాన వచ్చి, వరద కొట్టి, గోడలో ఒక ముక్క పడిపోయింది. కట్టమని చక్రవర్తి చెప్పి పంపినాడు. ఆడుండే అదికారి ఇదిగో అదిగో అని దాటేసినాడు. చక్రవర్తి ఆ దారిలో వస్తాడని తెలిసినాక భయం పట్టుకుని, బయటికి కనపడే మొగం మాత్రం మంచి రాళ్ళతో పేర్చి, వెనకంతా రాళ్ళూ రప్పలూ పోసేసినాడు."

అళగర్సామి చాలా రోజుల తర్వాత నవ్వాడు. "ఓట్ల ముందర ఏసే రోడ్డు మాదిరిదా."

"అదేదా. బయటినుంచి చూస్తే కోట. లోపలుండే మనిషి ఒకడు పోయి ఆ చోటు చూపించేసినాడు. రాళ్ళు ఇసిరే యంత్రాలన్నీ ఆ ముక్కకే గురిపెట్టి కొట్టినారు. గోడ ఇరిగింది. ఆ పక్క కాపలా ఉండిన నాయకుడు సాయం పంపండని అడిగినాడంట, మిగతా నాయకులు ఎవురి గోడ వాళ్ళు చూసుకోండి అన్నారంట. ఇంక చేతకాక వాడు మాట్లాడేదానికి బయటికి పోయినాడు. వాడు మాట్లాడతా ఉండంగానే సైన్యం లోపలికి వచ్చేసింది. ఊరంతా కాలిపోయింది. బతికినోళ్ళను కట్టి తోలుకుపోయినారు."

ముత్తమ్మాళ్ చిక్కుడుకాయ ఒలవడం ఆపేసింది. "చూపించినోడు ఏమైనాడు?"

"అరబ్బుల రాతలో వాడు ఎప్పుడో చెరపట్టి తెచ్చినోడు, ఆ ఊర్లోనే పెండ్లి చేసుకుని ఉండిపోయినోడు. గ్రీకుల రాతలో వేరే పేరు, వేరే మనిషి. ఒకడు ఉండాడని ఇద్దరూ అంటారు. వాడు ఎవుడో మాత్రం ఇద్దరికీ కుదరదు."

"గెలిచినోళ్ళు రాసుకుంటారు, సరి. ఓడినోళ్ళకు వాడితో ఏమి పని?" అన్నాడు అళగర్సామి.

"దాని గురించేదా నా మూడో అద్యాయం. ద్రోహి ఒకడు దొరికితే, గోడ కట్టనోడిని ఎవురూ అడగరు. సాయం పంపనోళ్ళనూ అడగరు. ఓడిపోయిన ఊరికి అట్లాంటోడు ఒకడు కావాల నాయనా. లేకుంటే ఒకడిని చేసుకుంటారు. ఉండినా ఉండొచ్చు, ఉండలేదని నేను చెప్పలేను."

అళగర్సామి చేటలోంచి ఒక చిక్కుడుకాయ తీసుకుని ఒలిచాడు. తర్వాత నెమ్మదిగా అడిగాడు. "మన కోటలో గోడ కట్టనోడు ఎవుడు?"

"తెలియదు నాయనా."

"తెలియదు, తెలియదు. అది చెప్పేదానికా ఇంత చదువు." కోపంగా అనలేదు. అందుకే సత్యప్రియకు ఎక్కువ తగిలింది.

ఆ రాత్రి ఆమెకు నిద్ర పట్టకపోవడానికి కారణం బాధ ఒక్కటే కాదు. అమోరియం గురించి ఎన్ని వైపులనుంచి ప్రశ్నలు వేసిందో, అందులో ఒక్కటి కూడా తన ఇంటి కథకు వెయ్యలేదని అప్పుడు తట్టింది. ఎవరు చెప్పారు, ఎవరికి చెప్పారు, ఇంకా ఏమేమి చెప్పారు. తల వంచుకుని తినడం అలవాటైన మనిషికి తల పైకెత్తి అడగాలని తోచలేదు. పక్కింటి దీపం కింద వెతికినట్టు చదువులో తుర్కీదాకా పోయి వెతికింది.

మరునాడు కాలేజీ అయ్యాక సత్యప్రియ నేరుగా చెల్లసామి మిరపకాయల కొట్టుకు వెళ్ళింది. గోతాల మధ్య కూర్చోగానే తుమ్ములు అందుకున్నాయి. చెల్లసామి మజ్జిగ తెప్పించి, పరోటా తెప్పించనా అని కూడా అడిగి, కుదురుగా కూర్చున్నాడు.

"పెద్దనాయనా, గవిని తీసింది మావాళ్ళే అని మీకు ఎవురు చెప్పినారు?"

"మా తాత చెప్పినాడు. ఆయనకు వాళ్ళ తాత. అందరికీ తెలిసినదేగదా పాపా."

"తీసినోడి పేరు?"

"పేరు ఎవురికి జ్ఞాపకం. గవినోడు ఒకడు, అంతేదా."

"తీసింది కంటితో చూసినోళ్ళు ఉండారా?"

చెల్లసామి కాస్త ఇబ్బందిగా గోతం మీద తాళ్ళు సర్దాడు. "చూసేది ఏముండాది. తెల్లారి చూస్తే పగోడు లోపల ఉండాడు. గవిని మీ చేతిలో ఉండింది. ఇంకోటి కూడా ఉండాది, నువ్వు చదివినదానివి, నువ్వే చెప్పు. మేమంతా అమ్మను ఎత్తుకుని వెనక దిడ్డిలో బయటపడి, ఏరు దాటి, ఒడ్డున కాచుకుని ఉండినాము. మీవాళ్ళు దినాలు గడిచినాక, చివరగా వచ్చి కలిసినారు. వచ్చింది కూడా సగం మందిదా. తప్పు చేయనోళ్ళయితే ఏమిటికి వెనక నిలబడిపోయినారు?"

"మిగతా సగం మంది?"

"ఆడనే ఉండిపోయినారు. కోట పట్టుకున్న ఆ సుల్తాను దగ్గర ఏదో ఉద్యోగం దొరికి ఉంటాది" అన్నాడు చెల్లసామి.

సత్యప్రియ నోటిదాకా ఒక ప్రశ్న వచ్చింది. గవిని బార్లా తెరిచి ఉండి, అడ్డం నిలబడేవాడు ఒక్కడూ లేకపోతే, ముసలీ ముతకా పిల్లా జెల్లాతో మీరంతా ఏరు ఎట్లా దాటారు అని. అడగలేదు. అడిగితే చెల్లసామి దగ్గర జవాబు ఉండదు, జవాబు లేనంత మాత్రాన తన మాట నిజమైపోదు. మజ్జిగ తాగేసి, దణ్ణం పెట్టి లేచింది.

రైల్లో కిటికీ పక్కన కూర్చున్నాక ఆ మాటలనే మళ్ళీ మళ్ళీ తిరగేసింది. చివరగా వచ్చారు, సగం మందే వచ్చారు. ఆ మాటను ఒక చేత్తో పట్టుకుంటే ద్రోహం, ఇంకో చేత్తో పట్టుకుంటే కాపలా. అమోరియంలో సాయం అడిగి అడిగి బయటికి పోయిన నాయకుడు కూడా ఇంతే. ఒక రాతలో ద్రోహి, ఇంకొక రాతలో దిక్కులేనివాడు. అయితే ఆమెకు తన మీద తనకే అనుమానం వచ్చింది. తన ఇంటికి తానే వకీలైతే తీర్పు ఎట్లా చెబుతుంది? మనసు ఎటు లాగుతోందో అటువైపు సాక్ష్యాన్నే ఎక్కువ అనుమానించాలని పిల్లలకు పాఠం చెప్పేది తనే.

ఇంటికి వెళ్ళి నాయనకు విన్నదంతా చెప్పింది. అళగర్సామి కళ్ళు మెరిశాయి. "అయితే మనోళ్ళు తీయలేదు."

"అట్ల చెప్పలేను నాయనా. ఇది చాలదు. ఇంకో సాక్ష్యం కావాల."

"శివరాత్రికి ముందర దొరుకుతాదా?"

ఆమె తల అడ్డంగా ఊపింది. ఆయన కళ్ళలో మెరుపు ఆరిపోవడం చూస్తూ, కనీసం అబద్ధమైనా ఆడి ఉండకూడదా అనుకుంది. ఆడలేకపోయింది.

శివరాత్రి వచ్చింది, వెళ్ళింది. మరునాడు పొద్దెక్కేసరికి నాగలాపురం అవతల రేగడి చేల మధ్య కోటమ్మ గుడి ముందు వ్యాన్లూ మోటారుసైకిళ్ళూ నిండిపోయాయి. గుడి చిన్నది. చుట్టూ నడుమెత్తు ప్రహరీ, దానికి ఉత్తరాన ఒకటే వాకిలి. పత్తి తీసేసిన చేలు, దూరంగా గాలిమరలు, మధ్యలో సీమతుమ్మ పొదలు. ఈసారి లోపల, అమ్మకు సరిగ్గా ఎదురుగా, గవినోళ్ళ కోసం కొత్త చాపలు పరిచి ఉంచారు. అమ్మకు పళ్ళెం పెట్టాక పూజారి మన్నింపు చదువుతాడు, ఆపైన విందు. అళగర్సామి తువ్వాలు భుజాన వేసుకుని వాకిలి దగ్గరే నిలబడ్డాడు. లోపలికి పోలేదు, బయట కూర్చోలేదు. ఏమి చేస్తాడో ఆయనకే తెలియదు. మిగతా గవినోళ్ళంతా ఆయన మొహమే చూస్తున్నారు.

చెల్లసామి భార్య సుబ్బులక్ష్మి వంటపందిరి దగ్గరనుంచి సత్యప్రియను కేక వేసింది. "ఏమ్మా పాపా, ఇంక మీరు లోపలి మనుషులేగదా. వచ్చి చెయ్యి ఎయ్యి."

గవినోళ్ళ ఆడవాళ్ళు ఎన్నడూ ఆ పందిరిలో అడుగుపెట్టలేదు. బయటే ఉండాలి కదా మరి. సత్యప్రియ చెప్పులు విడిచి మొదటిసారి లోపలికి వెళ్ళింది. పెద్ద పెద్ద గుండిగల్లో అన్నం, మొచ్చగింజల పులుసు, మేకపోతు కూర. పొగకు కళ్ళు మండుతున్నాయి. సుబ్బులక్ష్మి ముందు అమ్మ పళ్ళెంలోకి అన్నం తీసి పూజారికి అందించింది. ఆ వెంటనే బానంత పాత కంచు గుండు చెంబు దగ్గరికి లాక్కుని, అన్నీ అందులోకి మొదటి గరిటెతో నింపడం మొదలుపెట్టింది. మూత పెట్టింది. పొడిగుడ్డ ఒకటి, దాని మీద కాలకుండా నీళ్ళలో తడిపి పిండిన గోనెగుడ్డ ఒకటి చుట్టి, పొయ్యి పక్కన వేడి బూడిదలో గట్టిగా కుదురు పెట్టింది.

"అది ఎవురికి పెద్దమ్మా?"

"మీకుదా. గవినోళ్ళ పంగు. అమ్మకు పెట్టినాక మొదట ఎత్తేది మీ పంగే. అది ఎత్తకుండా ఇంకెవురికీ గరిటె పెట్టకూడదు." పంగు అంటే వంతు. ఆ మాట సుబ్బులక్ష్మి ఉప్పు సరిపోయిందా అన్నంత మామూలుగా అంది.

"మాకు చివరగదా పెట్టేది."

"చివర తినేదిగదా మీరు. అందరు తిని లేచేదాకా మీరు ఆ చోటు విడిచి రాకూడదంట, మా అత్త చెప్పింది. అందుకేదా గుడ్డ చుట్టి పెట్టేది. చల్లారిపోతే అమ్మకు కోపం వస్తాది."

సత్యప్రియ వంగి ఆ చెంబు గుడ్డ మీద చెయ్యి పెట్టి చూసింది. తను ఇన్నేళ్ళూ తిన్నది మిగిలిన అన్నం కాదు. తల వంచుకుని, అందరూ వదిలిపెట్టిందనుకుని తిన్న ప్రతి ముద్దా, అమ్మ తర్వాత మొదట ఎత్తిపెట్టిన ముద్ద. ఎప్పుడూ వేడిగానే ఉండేదని ఇప్పుడు గుర్తొచ్చింది. శిక్ష పడ్డవాడి అన్నం చల్లారకూడదని గుడ్డ చుట్టేవాళ్ళు లోకంలో ఎక్కడున్నారు? ఆమెకు ఏడుపు వచ్చింది. పొగ అనుకుని సుబ్బులక్ష్మి విసనకర్ర అందించింది.

ఏడుపు మధ్యలోనే ఒక వింత ఆలోచన కూడా వచ్చింది. అమోరియం గోడ మీద రాత్రీ పగలూ నిలబడ్డవాళ్ళకు అన్నం ఎవరు మోసుకెళ్ళారు? అది ఏ రాతలోనూ లేదు. ఆరేళ్ళలో తను వెతకనూ లేదు.

ఆమె పందిరి దాటి వాకిలి దగ్గరికి పరుగెత్తింది. మాటలు తడబడుతూ నాయనకు చెప్పింది. చెంబు, మొదటి గరిటె, చుట్టిన గుడ్డ, చోటు విడవకూడదన్న మాట.

"అయితే మనోళ్ళు తీయలేదు" అన్నాడు అళగర్సామి మళ్ళీ. ఈసారి అడుగుతున్నట్టు అన్నాడు.

"అది నాకు ఇప్పుడూ తెలియదు నాయనా. ఎప్పటికీ తెలియదేమో. తెలిసింది ఒకటేదా. ఇది శిక్ష కాదు. కాపలా ఉండేటోళ్ళకు పెట్టే అన్నం ఇది."

అళగర్సామి కూతురి తల మీద చెయ్యి పెట్టి, కాసేపు అలాగే ఉంచాడు. లోపల గంట మోగింది. అమ్మకు పళ్ళెం అయిపోయింది. పూజారి గొంతు సవరించుకున్నాడు. చెల్లసామి చేతులు జోడించి, అందరికీ వినపడేలా పిలిచాడు. "గవినోళ్ళంతా లోపలికి రండి. అమ్మ మిమ్మల్ని మన్నించింది."

అళగర్సామి వాకిలి లోపలికి ఒక అడుగు వేశాడు. అమ్మకు వంగి దణ్ణం పెట్టాడు. తర్వాత అదే అడుగు వెనక్కి తీసి, బయటికి వచ్చి, ఎప్పుడూ కూర్చునే చోట, గుడికి వీపు పెట్టి కూర్చున్నాడు. ముత్తమ్మాళ్ ఏమీ అడగకుండా పక్కన కూర్చుంది. ఒక్కొక్కరుగా గవినోళ్ళంతా కూర్చున్నారు.

లోపల గుసగుసలు లేచాయి. చెల్లసామి మొహం ఎర్రబడింది. అంత కష్టపడి తెచ్చిన మర్యాదను కాలితో తన్నినట్టయింది ఆయనకు. చాపలు దాటుకుంటూ బయటికి వచ్చాడు.

"ఏమిరా అళగరూ, మన్నించినామని చెప్తా ఉంటే, ఇంకా మాకు వెన్ను చూపిస్తావా?"

"కోపం వద్దు అన్నా. వెన్ను మీకు చూపించినామని ఇన్ని తరాలుగా మీరూ అనుకున్నారు, మేమూ అనుకున్నాము. మా మొగం ఎటు ఉండాదో ఎవురూ చూడలే. ఈడికి వచ్చి, నా పక్కన కూర్చుని చూడు."

తీర్మానం చేసిన మనిషి, అందరూ చూస్తున్నారు. చెల్లసామి పంచె సర్దుకుని, మోకాళ్ళ నొప్పికి మూలిగి, అళగర్సామి పక్కన కూలబడ్డాడు. పుట్టినప్పటినుంచీ ఈ గుడికి వస్తున్నా, ఆ చోటినుంచి ఆయన చూడడం అదే మొదటిసారి. ఎదురుగా వచ్చే బండిబాట ఆ చివరనుంచీ ఈ చివరదాకా కనపడుతోంది. చేలన్నీ కనపడుతున్నాయి. ఉత్తరం మొత్తం కనపడుతోంది. లోపల కూర్చుని తినేవాళ్ళకు ఇందులో ఏదీ కనపడదు.

ఆయన ఎండకు చెయ్యి అడ్డం పెట్టుకుని బాట పొడుగునా చూశాడు. అడిగినప్పుడు గొంతులో ఆ పెద్దరికం లేదు.

"ఎవురు వస్తారని చూస్తా ఉండారు?"

అళగర్సామి బాట మీదనుంచి చూపు తిప్పలేదు.

"ఎవురూ రాలే అన్నా ఇన్నాళ్ళు. పోయి తినండి, మేము ఉండాము."